చిన్న ఎక్స్‌రే, ఓపీజీ, సీబీసీటీ: మీ పంటికి ఏది అవసరం, ఏది అక్కర్లేదు

ఆమె సంచిలోంచి కవర్లు ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద పరిచారు. ఎనిమిది నెలల్లో మూడు ఓపీజీలు, అంటే రెండు దవడలనూ ఒకే బొమ్మలో చూపే ఎక్స్‌రేలు, ముగ్గురు డాక్టర్ల దగ్గర తీయించినవి. మూడింటిలోనూ అదే దవడ, అడ్డంగా పడుకున్న అదే కింది జ్ఞానదంతం. నాలుగో చోట ఇప్పుడు సీబీసీటీ, అంటే మూడు కొలతల్లో చూపే ఎక్స్‌రే, రాశారట. "ఇన్నిసార్లు తీయించుకున్నాను, ఏమైనా అవుతుందా డాక్టర్ గారూ? ఇది కూడా తీయించుకోవాలా, మానేయాలా?" అని అడిగారు.

అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మూడు ఓపీజీలనూ కలిపినా ఆమెకు అందిన రేడియేషన్, నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనందరికీ వారం పది రోజుల్లో ఎలాగూ అందేదానికి కాస్త అటూ ఇటూ. దానికి బెంగపడక్కర్లేదు. అయినా ఆ మూడింటిలో రెండు ఎవరికీ ఏమీ కొత్తగా చెప్పలేదు. నాలుగోదాని సంగతి కింద జ్ఞానదంతం దగ్గర చెబుతాను. ఎందుకంటే దాని జవాబు ఆ ఎక్స్‌రే ఎంత పెద్దదన్న దాని మీద కాదు, ఆమె పన్ను ఎక్కడ పడుకుందన్న దాని మీద ఆధారపడి ఉంది.

## ఎంచుకునే ముందు ఏమి చూడాలి

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ చిత్రం చూశాక డాక్టర్ చేయబోయే పని మారుతుందా? ఒంటికి అందే రేడియేషన్‌ను సీవర్ట్‌లలో కొలుస్తారు, మైక్రోసీవర్ట్ అందులో పది లక్షలో వంతు. పని మారకపోతే రెండు మైక్రోసీవర్ట్‌లయినా దండగే. మారుతుందనుకుంటే వంద కూడా సమంజసమే. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం, అంటే ఐసీఆర్‌పీ, దీన్ని మొదటి సూత్రంగా పెట్టింది. వైద్యం కోసం రోగికి ఇచ్చే రేడియేషన్‌కు ఆ సంఘం ఏడాదికి ఇంత అని పరిమితి పెట్టలేదు. యంత్రం దగ్గర పనిచేసేవారికి ఉంది, ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. సాధారణ ప్రజలకు 1 మిల్లీసీవర్ట్. రోగికి మాత్రం అవసరమే హద్దు. కాబట్టి "ఈ ఏడాది నా వాటా అయిపోయింది" అని అవసరమైన ఎక్స్‌రేను వద్దనుకోవడం పొరపాటు. "వాటా ఇంకా ఉంది కదా" అని అక్కర్లేనిది తీయించుకోవడమూ పొరపాటే.

ఆ తర్వాత చూడాల్సింది మోతాదు. దాన్ని పోల్చుకోవడానికి ఒక కొలబద్ద కావాలి. ప్రకృతి నుంచి ఒక మనిషికి ఏడాదికి సగటున అందేది 2.4 మిల్లీసీవర్ట్‌లు. రోజుకు సుమారు ఆరున్నర మైక్రోసీవర్ట్‌లు. మిల్లీకి, మైక్రోకు మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంటుంది. రిపోర్టుల్లో, ఫోన్‌లో తిరిగే సందేశాల్లో ఈ రెండూ తారుమారయి జనాన్ని హడలగొడుతుంటాయి. చదివేటప్పుడు ఆ ఒక్క మాటను జాగ్రత్తగా చూడండి.

క్యాన్సర్ ముప్పు ఎంత? ఒక సీవర్ట్‌కు సుమారు 5.5 శాతం అని ఐసీఆర్‌పీ 2007లో అన్ని వయసులకూ కలిపి అంచనా వేసింది. ఆ లెక్కన 20 మైక్రోసీవర్ట్‌ల ఓపీజీకి ముప్పు పది లక్షల మందిలో ఒకరికి. ఇది నేరుగా లెక్కపెట్టి చెప్పింది కాదు. పెద్ద మోతాదుల దగ్గర కనిపించినదాన్ని సరళరేఖగా కిందికి గీసుకుంటూ వచ్చి వేసిన అంచనా. అసలు ముప్పు ఇంకా తక్కువే కావచ్చు. తక్కువే అని రుజువు లేదు కాబట్టి జాగ్రత్త పడతాం.

మూడోది వయసు. పిల్లల కణాలు చురుగ్గా విభజన చెందుతుంటాయి, వాళ్ల ముందు చాలా ఏళ్ల జీవితం ఉంటుంది. అదే మోతాదు వల్ల పెద్దల కంటే వాళ్లకు ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువని లెక్కగడతారు. పైగా పిల్లల ముఖం చిన్నది. పెద్దల ముఖంలో దవడకే పరిమితమయ్యే కిరణం వాళ్లలో మెడలోని థైరాయిడ్‌కు మరింత దగ్గరగా వస్తుంది.

నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అది మళ్ళీ తీయాల్సిన అవసరం. కదిలిపోయి మసకబారిన బొమ్మ, వేరు కొన కోతపడిన బొమ్మ, పాతది దొరకక కొత్తగా తీసిన బొమ్మ. నేను చూసినంతలో అనవసరపు రేడియేషన్‌లో పెద్ద భాగం యంత్రం రకం వల్ల కాదు, వీటి వల్లే.

## ఒక చూపులో

కింది అంకెలు పెద్దలవి. యంత్రాన్ని బట్టి, సెట్టింగ్‌ను బట్టి మారతాయి కాబట్టి వీటిని తూకపు రాళ్లలా కాక దూరపు రాళ్లలా చూడండి.

| చిత్రం | మోతాదు, మైక్రోసీవర్ట్‌లలో | ప్రకృతి నుంచి ఎన్ని రోజుల్లో అందేదానికి సమానం | దేనికి బాగుంటుంది | దేనికి చాలదు |
|---|---|---|---|---|
| కాంతితో పరీక్ష | 0 | లేదు | పళ్ల మధ్య తొలి పుచ్చు, పగుళ్లు | వేరు, ఎముక, ఫిల్లింగ్ కింద |
| ఒక్క పంటి చిన్న ఎక్స్‌రే | సుమారు 2 నుంచి 10 | ఒకటిన్నర రోజు లోపు | వేరు కొన, చీము, రూట్ కెనాల్ | లోతు, పక్క నుంచి పక్కకు మందం |
| నాలుగు బైట్‌వింగ్‌లు (కొరికి పట్టుకుని తీసే చిన్న ఎక్స్‌రేలు), దీర్ఘచతురస్ర కాలిమేటర్‌తో | సుమారు 5 | ఒక రోజు లోపు | దవడ పళ్ల మధ్య పుచ్చు, ఎముక మట్టం | వేరు కొనలు |
| నోరంతా 18 చిన్న ఎక్స్‌రేలు | 35 నుంచి 170 | 5 నుంచి 26 | ముదిరిన చిగుళ్ల వ్యాధి | నోరు తెరవలేనివారికి |
| ఓపీజీ | 14 నుంచి 24 | 2 నుంచి 4 | రెండు దవడలు, జ్ఞానదంతాలు, రాబోయే పళ్లు | పళ్ల మధ్య చిన్న పుచ్చు |
| తల పక్క భాగం ఎక్స్‌రే | 5 నుంచి 6 | ఒక రోజు | దవడల అమరిక | విడి పళ్లు |
| చిన్న పరిధి సీబీసీటీ | సగటున 84 | 13 | ఒకటి రెండు పళ్ల చుట్టూ మూడు కొలతల్లో | పుచ్చు, లోహపు క్యాపుల పక్కన |
| పెద్ద పరిధి సీబీసీటీ | సగటున 212 | 32 | దవడల శస్త్రచికిత్స | పై వరుసలో ఉన్నదే |

నోరంతా తీసే వరుసలో 35కూ 170కీ మధ్య ఉన్న అగాధాన్ని ఒక్కసారి చూడండి. తీసే పళ్లు అవే, బొమ్మలు అన్నే. తేడా అంతా కిరణం బయటికి వచ్చే గొట్టం మూతి గుండ్రంగా ఉందా, దీర్ఘచతురస్రంగా ఉందా అన్నదే. ఫిల్ము దీర్ఘచతురస్రం, గుండ్రటి కిరణంలో సగానికి పైగా ఫిల్ము మీద పడదు. అది బొమ్మకు పనికిరాకుండా బుగ్గకు, లాలాజల గ్రంథులకు, మెడకు తగిలిపోతుంది. మూతికి తగిలించే ఆ చిన్న లోహపు ముక్కనే దీర్ఘచతురస్ర కాలిమేటర్ అంటారు. నా దృష్టిలో దంత ఎక్స్‌రే గదిలో రోగిని కాపాడే పరికరాల్లో దానికి సాటి లేదు, అయినా ఎన్నో చోట్ల అది కనిపించదు. దాన్ని వాడితే గురి కొంచెం జాగ్రత్తగా పెట్టాలి, లేకపోతే బొమ్మ ఒక పక్క తెల్లగా కోతపడుతుంది. ఆ కష్టానికి వెనుకాడి వదిలేస్తారు.

## ఒక్కొక్కటి దగ్గరగా

చిన్న ఎక్స్‌రే అంటే నోట్లో పెట్టి తీసేది. వేరు కొన వరకు చూపేది ఒక రకం. పై, కింది పళ్ల పైభాగాలను కలిపి చూపేది రెండో రకం. దాన్ని ఒక చిన్న రెక్కను కొరికి పట్టుకోమని చెప్పి తీస్తారు కాబట్టి బైట్‌వింగ్ అంటారు. పళ్ల మధ్య దాగిన పుచ్చును పట్టడంలో దీని ముందు ఓపీజీ నిలవదు, సీబీసీటీ కూడా నిలవదు. పదును దీనికే ఎక్కువ, మోతాదు దీనికే తక్కువ. ఇలా రెండూ ఒకేచోట కలిసిరావడం అరుదు. అందుకే పంటి నొప్పి ఏదైనా, ఎక్కడి నుంచో తెలిస్తే మొదటి అడుగు ఇదే.

దీని లోపం, ఉన్న లోతునంతా పిండి ఒక పలకలా చూపడం. ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు వేళ్లు ఒక్కటిగా కనిపిస్తాయి. బొమ్మను పట్టడానికి నోట్లో పెట్టే సెన్సార్ గొంతు దగ్గర తగిలితే కొందరికి వెంటనే వాంతి వస్తుంది. ఒక పదేళ్ల పాప సెన్సార్‌ను చూడగానే నోరు మూసేసుకుంది. మొదట దాన్ని ఆమె చేతికే ఇచ్చి అద్దంలో చూసుకుంటూ తనే పెట్టుకోమన్నాం. తర్వాత ముందు పంటితో మొదలుపెట్టి నెమ్మదిగా వెనక్కి వెళ్లాం. కాళ్లు కాస్త పైకెత్తి పట్టుకుని, ముక్కుతో గాలి పీలుస్తూ లెక్కపెట్టమన్నాం. బొమ్మ తీసిన సమయం సెకను కంటే ఎంతో తక్కువ, దాన్ని సరిగ్గా పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు వెచ్చించలేక ఓపీజీకి పంపేసి ఉంటే పుచ్చు దొరికేది కాదు.

ఓపీజీలో యంత్రం తల చుట్టూ తిరిగి రెండు దవడలనూ ఒకే బొమ్మలో పరుస్తుంది. రాని పళ్లు ఎక్కడున్నాయో, తిత్తులున్నాయో, దవడ విరిగిందో చెప్పడానికి దీనికి సాటి లేదు. నోరు తెరవలేనివారికి, నోట్లో ఏమీ పెట్టనివ్వనివారికి ఇదే గతి. కానీ యంత్రం ఒక సన్నని వంపు పొరలో ఉన్నవాటినే స్పష్టంగా చూపుతుంది. పళ్లు ఆ పొరకు ముందుకో వెనక్కో జరిగితే అవి సాగిపోయి గాని, నలిగిపోయి గాని కనిపిస్తాయి. బొమ్మ కూడా అసలు కొలత కంటే పెద్దగా వస్తుంది. దాని మీద స్కేలు పెట్టి ఇంప్లాంట్ (పోయిన పంటి స్థానంలో ఎముకలోకి దింపే స్క్రూ) పొడవు తేల్చేయడం ప్రమాదం.

ఓపీజీ పాడవడానికి కారణాల్లో సగం రోగి చేతిలోనే ఉన్నాయి. చెవి పోగు తీయకపోతే అది తన స్థానంలో ఒకటి, అవతలి దవడ మీద కాస్త పైగా మసకగా ఇంకొకటి, రెండు చోట్ల పడుతుంది. నాలుకను అంగిలికి గట్టిగా ఆనించి పెట్టకపోతే ఆ ఖాళీలో గాలి నిలిచి, పై పళ్ల వేళ్ల మీదుగా నల్లటి పట్టీ పడుతుంది. వేళ్ల కొనలు చూడాలని తీసిన బొమ్మలో వేళ్ల కొనలే కనిపించవు. ముక్కుపుడక, జడ క్లిప్పులు, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం అన్నీ తీసేయండి. యంత్రం తిరిగే ఆ పది పదిహేను సెకన్లూ మింగకుండా, నాలుక కదలకుండా ఉండండి.

సీబీసీటీలో శంకువు ఆకారపు కిరణం తల చుట్టూ తిరిగి, కంప్యూటర్ దాన్ని మూడు కొలతల చిత్రంగా కడుతుంది. దంతాన్ని నిలువుగా, అడ్డంగా, కావలసిన చోట కోసి చూసినట్టు చూడవచ్చు. దీని విషయంలో ఒకే పేరు మీద రెండు లోకాలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. 2015లో వెలువడిన ఒక సమీక్షలో చిన్న పరిధి సీబీసీటీకే 5 నుంచి 652 మైక్రోసీవర్ట్‌ల వరకు కొలతలు వచ్చాయి. వంద రెట్లకు పైగా తేడా. పరిధి ఎంత, బొమ్మ ఎంత సూక్ష్మంగా కావాలి, ఎంతసేపు తీశారు అన్నవి దీన్ని నిర్ణయిస్తాయి. అందుకే "సీబీసీటీ మంచిదా?" అనే ప్రశ్నకు అర్థం లేదు. "ఎంత పరిధిలో?" అని అడగాలి. ఒక పంటి కోసం రెండు దవడలూ, ముక్కూ, కళ్ల అంచుల దాకా తీయడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు. పైగా అంత భాగాన్నీ తీసినవారు అంత భాగాన్నీ చదివి రిపోర్టు ఇవ్వాలి. పంటిని మాత్రమే చూసి మిగతాది వదిలేస్తే అక్కడ దాగిన జబ్బును చూసీ చూడనట్టే.

లోహపు క్యాపులు, పాత ఫిల్లింగ్‌లు ఉన్న చోట సీబీసీటీలో చారలు పడతాయి. ఆ చారలు అచ్చం పుచ్చులా కనిపించి మోసం చేస్తాయి. పుచ్చు వెతకడానికి సీబీసీటీ రాస్తే వద్దనడంలో తప్పులేదు. అయినా ఆసుపత్రిలో తీసే మామూలు తల సీటీ 2 మిల్లీసీవర్ట్‌ల వరకు ఇస్తుంది. దవడల గురించే ప్రశ్న అయితే, మూడు కొలతల చిత్రం తప్పనిసరైతే, సీబీసీటీ దానికంటే ఎంతో మెరుగు.

కాంతితో చేసే పరీక్షను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పంటి వెనుక నుంచి దీపం వేసి చూస్తే పుచ్చిన చోట నీడ పడుతుంది. ఇప్పుడు కంటికి కనిపించని పరారుణ కాంతితో ఫొటో తీసే పరికరాలూ ఉన్నాయి. రేడియేషన్ ఏమీ ఉండదు. రెండు బైట్‌వింగ్‌ల మధ్య వ్యవధిలో పుచ్చు పెరుగుతుందో లేదో కనిపెట్టుకోవడానికి ఇది చక్కగా పనికొస్తుంది.

## మీ పరిస్థితి ఏది?

ఏ బాధా లేదు, ఏడాది పరీక్షకు వచ్చారు. "ఆర్నెల్లకోసారి ఎక్స్‌రే" అని అందరికీ ఒకే నియమం పెట్టే చోట ఒక్క నిమిషం ఆగండి. అమెరికా దంత వైద్య సంఘం 2012 మార్గదర్శకాల్లో, పుచ్చు లేని, ముప్పు తక్కువగా ఉన్న పెద్దలకు బైట్‌వింగ్ రెండు మూడేళ్లకోసారి చాలు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 6 నుంచి 18 నెలలు. ముందు నోరు చూడాలి, ఆ తర్వాతే ఎక్స్‌రే రాయాలి. నోరు చూడకుండా రిసెప్షన్ దగ్గరే ఎక్స్‌రేకు పంపితే అది మీ కోసం రాసింది కాదు.

చిన్న పిల్లలు. పాలపళ్ల మధ్య సందులుండి కంటికి అన్నీ కనిపిస్తుంటే బైట్‌వింగ్ అక్కర్లేదు. వెనుక పళ్లు ఒకదానికొకటి ఆనుకున్నాకే దాని అవసరం. అప్పుడు పుచ్చు ముప్పు లేని పిల్లలకు 12 నుంచి 24 నెలలకోసారి, ముప్పు ఉన్నవారికి 6 నుంచి 12 నెలలకోసారి. యంత్రంలో పిల్లల సెట్టింగ్ పెట్టారా అని అడగడానికి మొహమాటపడకండి. పెద్దల సెట్టింగ్‌తో తీస్తే బొమ్మ బాగానే వస్తుంది, అందుకే ఎవరికీ తెలియదు. పిల్లల్లో చిన్న పరిధి సీబీసీటీ సగటు మోతాదు 103 మైక్రోసీవర్ట్‌లని పైన చెప్పిన 2015 సమీక్షే చెబుతోంది, పెద్దల సగటు కంటే ఎక్కువ.

పళ్ల వరుస సరిచేసే క్లిప్పులు వేయించుకునేవారు. ఓపీజీ, తల పక్క భాగం ఎక్స్‌రే, ఈ రెండింటితో చాలామందికి సరిపోతుంది. 2012లో యూరోపియన్ కమిషన్ ప్రచురించిన సీబీసీటీ మార్గదర్శకాలు కూడా అందరికీ అలవాటుగా సీబీసీటీ తీయవద్దనే చెప్పాయి. కోరపన్ను రావాల్సిన చోట రాకుండా అంగిలి వైపు దాగిపోయి, పక్క పంటి వేరును తినేస్తోందన్న అనుమానం ఉంటే అప్పుడు చిన్న పరిధి సీబీసీటీ. పది పదకొండేళ్లకు పైచిగురు మీద వేలితో నొక్కితే కోరపన్ను ఉబ్బు తగలకపోతే డాక్టర్‌కు చూపించండి. ఆ వేలి పరీక్షకు రేడియేషన్ అక్కర్లేదు.

రూట్ కెనాల్. చిన్న ఎక్స్‌రేతోనే మొదలు, చాలాసార్లు దానితోనే ముగింపు. చికిత్సలో రెండు మూడు తీయాల్సి వస్తుంది, అవన్నీ కలిపినా తక్కువే. ఒకసారి చేసిన రూట్ కెనాల్ మళ్ళీ నొప్పి పెడితే, పై దవడ పంటిలో దొరకని కాలువ ఉందనిపిస్తే, వేరు పగిలిందనిపిస్తే, అప్పుడు ఆ ఒక్క పంటికి చిన్న పరిధి సీబీసీటీ.

జ్ఞానదంతం. ఇక ఆమె సంగతి. మొదటి ఓపీజీనే కాంతికి ఎత్తి పట్టుకుని చూశాను. కింది దవడలో నాడి పోయే కాలువకు పైన ఒకటి, కింద ఒకటి సన్నటి తెల్లటి గీతలుంటాయి. జ్ఞానదంతం వేరు దగ్గరికి వచ్చేసరికి పై గీత తెగిపోయింది. వేరు అక్కడ ఒక్కసారిగా నల్లబడింది. నాడి వేరుకు ఆనుకుని ఉందని, బహుశా వేరులో గాడి చేసుకుని పోతోందని అది చెప్పే సంకేతం. పన్ను తీసేటప్పుడు ఆ నాడికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం మొద్దుబారిపోతాయి, కొందరికి శాశ్వతంగా. నాడి వేరుకు ఏ వైపున ఉందో తెలిస్తే పన్నును ఎలా ముక్కలు చేసి తీయాలో, లేదా వేళ్లు వదిలేసి పైభాగం మాత్రమే తీయాలో తేల్చుకోవచ్చు. "తీయించుకోండి అమ్మా, కానీ ఆ ఒక్క వైపుకే, చిన్న పరిధిలో" అన్నాను. ఆ గీతలు రెండూ చెక్కుచెదరకుండా కాలువ దూరంగా ఉండి ఉంటే, ఓపీజీ చాలనేవాడిని.

ఇంప్లాంట్. ఎముక ఎత్తు ఓపీజీలో కొంత తెలుస్తుంది, మందం తెలియదు. అమెరికాలోని దంత రేడియాలజిస్టుల సంఘం 2012లో ఇంప్లాంట్ స్థలానికి అడ్డకోత చిత్రం కావాలంటే సీబీసీటీయే తగినదని చెప్పింది. నేను దానితో ఏకీభవిస్తాను. ఓపీజీ మీద నమ్మకం పెట్టుకుని పై దవడ మీదుండే గాలి గది సైనస్‌లోకో, నాడి మీదికో స్క్రూ దింపిన కేసు ఒక్కటి చూస్తే చాలు.

గర్భిణులు. గర్భం కిరణానికి దారిలో లేదు. బిడ్డకు చేరేది కొలవడానికి కూడా కష్టమైనంత తక్కువ. 50 మిల్లీగ్రేల (ఎక్స్‌రేల విషయంలో దాదాపు మిల్లీసీవర్ట్‌లే అనుకోండి) లోపు మోతాదుతో పుట్టుక లోపాలు పెరిగినట్టు కనబడలేదు. దంత ఎక్స్‌రే దానికి వేల రెట్లు కింద ఉంటుంది. అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల కూడా అవసరమైన దంత ఎక్స్‌రేను గర్భంలో ఆపాల్సిన పని లేదనే అంటోంది. మామూలు పరీక్షకు తీసే వాటిని ప్రసవం తర్వాతకు వాయిదా వేయడంలో నష్టం లేదు. చీము పట్టిన పంటిని మాత్రం వాయిదా వేయకండి. భయంతో ఎక్స్‌రే ఆపి, చీముతో నెలలు గడిపిన తల్లులను చూశాను. వాళ్లు బిడ్డకు తప్పించామనుకున్న ప్రమాదం కంటే ఒంట్లో ఉంచుకున్న ప్రమాదమే పెద్దది.

తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స అయినవారు. "ఇంత తీసుకున్నాక ఇంకా ఎక్స్‌రేనా" అని వీళ్లు వెనుకాడతారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ చికిత్సలో లాలాజలం తగ్గి పళ్లు వేగంగా పుచ్చిపోతాయి, దెబ్బతిన్న దవడలో పన్ను తీయడమే ప్రమాదం అవుతుంది. అందుకే వీళ్లకు బైట్‌వింగ్‌లు ఇతరుల కంటే తరచుగా కావాలి. చికిత్సలో అందిన మోతాదు పక్కన ఇవి లెక్కలోకి కూడా రావు.

## సీసపు కోటు, మెడ పట్టీ

ఇది చాలామందికి మింగుడుపడని విషయం. 2024లో అమెరికా దంత వైద్య సంఘం నియమించిన నిపుణుల బృందం, దంత ఎక్స్‌రేలకు సీసపు కోటు, థైరాయిడ్ పట్టీ ఇక అవసరం లేదని సిఫార్సు చేసింది. కారణాలు సూటిగా ఉన్నాయి. పొట్టకు చేరేదాంట్లో ఎక్కువ భాగం శరీరం లోపల చెదిరి వచ్చేదే, కోటు దాన్ని ఆపలేదు. మెడ పట్టీ ఓపీజీలోనో సీబీసీటీలోనో అడ్డుపడి బొమ్మను పాడుచేస్తే మళ్ళీ తీయాల్సి వస్తుంది. అది కాపాడేదాని కంటే ఎక్కువ నష్టం.

కొన్ని దేశాల నిబంధనలు ఇప్పటికీ కోటు వేయమంటాయి. అక్కడ వేస్తే పోయేదేమీ లేదు. కోటు వేశారా లేదా అన్నదాన్ని బట్టి మాత్రం క్లినిక్‌ను తూచకండి. కోటు వేసి గుండ్రటి మూతితో తీసిన చోటు కంటే, కోటు లేకుండా దీర్ఘచతురస్ర మూతితో తీసిన చోటు మీకు ఎక్కువ మేలు చేసింది.

## ఫిల్ము, సెన్సార్, ప్లేటు

రోగి ఎంచుకునేది కాదుగానీ తెలిసి ఉండటం మంచిది. ఫిల్ములో వేగాన్ని బట్టి రకాలున్నాయి. పాత డి రకం కంటే ఎఫ్ రకానికి సగం కంటే తక్కువ రేడియేషన్ చాలు. సెన్సార్‌కు ఇంకా తక్కువ చాలుతుంది, బొమ్మ వెంటనే తెర మీద పడుతుంది. అది మందంగా, గట్టిగా, తీగతో ఉంటుంది కాబట్టి నోట్లో కుదురుగా నిలవక మళ్ళీ మళ్ళీ తీయాల్సి వస్తుంటుంది. "ఇంకోటి తీద్దాం" అనడం కూడా సులువు. ఫాస్ఫర్ ప్లేటు ఫిల్ములా పలచగా ఉండి నోటికి హాయి, కానీ గీతలు పడుతుంది. దానిలో ఇంకో చిక్కు ఉంది. ఫిల్ముకు మోతాదు ఎక్కువైతే నల్లగా మాడిపోయి తప్పు బయటపడేది. ప్లేటు ఎంత ఎక్కువ ఇచ్చినా చక్కటి బొమ్మే ఇస్తుంది. తప్పు దాగిపోయి నెలల తరబడి అలాగే సాగుతుంది.

చేత్తో పట్టుకుని తీసే కెమెరాలాంటి యంత్రాలు మంచం దిగలేనివారికి వరం. మంచి యంత్రానికి ముందు వైపు గుండ్రటి రక్షణ పలక ఉంటుంది. అది లేని, ధ్రువీకరణ లేని చవక యంత్రాలు ఆన్‌లైన్‌లో కూడా అమ్ముడవుతాయి. వాటి నుంచి లీకయ్యే కిరణాలు రోగి కంటే పట్టుకున్నవారి చేతిని ఎక్కువ తింటాయి.

చేతుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను 1895లో కనుక్కున్నాడు. 1896లోనే జర్మన్ దంత వైద్యుడు ఓటో వాల్‌కాఫ్ తన పళ్లకే బొమ్మ తీసుకోవడానికి 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడు. అదే ఏడాది అమెరికాలో ఎడ్మండ్ కెల్స్ రోగులకు ఎక్స్‌రేలు తీయడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి గొట్టం ముందు తన చేయి పెట్టి కిరణాలను సరిచూసుకునేవాడు. వేళ్లు పోయాయి, ఆపరేషన్ మీద ఆపరేషన్‌తో చివరికి చేయే పోయింది. బాస్టన్ దంత వైద్యుడు విలియం రోలిన్స్ 1901లోనే గినీ పందుల మీద ప్రయోగాలు చేసి, గొట్టాన్ని సీసపు పెట్టెలో ఉంచమని చెప్పాడు, ఎవరూ పెద్దగా వినలేదు. డాక్టర్ గాని, సహాయకురాలు గాని మీ నోట్లో ఫిల్మును తమ వేలితో పట్టుకుని బటన్ నొక్కితే, మర్యాదగానే "పట్టుకునే స్టాండ్ ఉందా?" అని అడగండి. అది మీ కంటే వాళ్ల కోసం. తీసేటప్పుడు వాళ్లు కనీసం రెండు మీటర్ల దూరంలో, కిరణం దారికి పక్కగా నిలబడాలి. పిల్లవాణ్ని పట్టుకోక తప్పకపోతే తల్లో తండ్రో పట్టుకోవాలి, కిరణం దారిలో లేకుండా.

## ఒప్పుకునే ముందు అడగాల్సినవి

- ఈ బొమ్మలో మీరు ఏమి వెతుకుతున్నారు? అది కనిపిస్తే ఏమి చేస్తారు, కనిపించకపోతే ఏమి చేస్తారు?
- నా దగ్గర ఉన్న పాత ఎక్స్‌రే సరిపోదా?
- సీబీసీటీ అయితే, ఎంత పరిధిలో తీస్తారు? మొత్తం బొమ్మను ఎవరు చదివి రిపోర్టు రాస్తారు?

మొదటి ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం వస్తే నిశ్చింతగా కుర్చీలో కూర్చోండి. "మా దగ్గర అందరికీ తీస్తాం" అన్నదే సమాధానమైతే, లేచి రావడానికి మీకు హక్కుంది.

ఇక బొమ్మ తీశాక దాన్ని మీ వెంట తెచ్చుకోండి. తెర మీది బొమ్మకు ఫోన్‌తో తీసిన ఫొటో చాలదు. వెలుతురు పడిన చోట వేరు కనిపించదు, సీబీసీటీలో అయితే వందల పొరల్లో ఒక్కటే వస్తుంది. చిన్న ఎక్స్‌రే, ఓపీజీ అయితే అసలు ఫైలు మెయిల్‌లో పంపమనండి. సీబీసీటీ అయితే పొరలన్నీ ఉండే డైకామ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో అడగండి. మీ పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు దాని మీద ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఆమె సంచిలోని మూడు ఓపీజీల్లో రెండింటి మీద తేదీ లేదు. మూడో డాక్టర్ వాటిని పక్కన పెట్టి కొత్తది తీయడానికి అదే కారణం.